విశాఖలో వాయు కాలుష్యం: కారణాలు తెలుసుకొని ఇంటినీ ఊపిరితిత్తులనూ కాపాడుకొనే విధానం

పక్కనే సముద్రం ఉంది కాబట్టి విశాఖపట్నంలో గాలి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగమే నిజం. సముద్రపు గాలి పగటిపూట కొన్ని గంటలపాటు మేలు చేసే మాట వాస్తవమే కాని, నగరాన్ని మూడు వైపులా చుట్టుకొని ఉన్న కొండలు రాత్రివేళ ఆ మేలును చాలావరకు హరిస్తాయి. ఉత్తరాన కైలాసగిరి వరుస, దక్షిణాన యారాడ కొండ, పడమట నరవ కొండలు ఉండి, తూర్పున సముద్రం వైపు మాత్రమే తెరిపి ఉన్న ఈ పల్లపు నేలను పర్యావరణ నివేదికలు ‘గిన్నె ప్రాంతం’గానే పేర్కొంటాయి. ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, వాటిని ఆనుకొని పెరిగిన పేటలు అన్నీ ఈ గిన్నెలోనే ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు సమగ్ర పర్యావరణ కాలుష్య సూచిక లెక్కగట్టినప్పుడు విశాఖకు 70.82 వచ్చింది, 70 దాటిన ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా పరిగణించారు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి నాణ్యతా ప్రమాణాలను అందుకోలేకపోయిన నగరాల జాబితాలోనూ విశాఖ పేరుంది.

ఇక్కడి గాలి వేళను బట్టి, పేటను బట్టి మారుతుంది. ఢిల్లీవాసుల కోసం రాసిన జాగ్రత్తలను యథాతథంగా ఇక్కడ పాటిస్తే వాటిలో కొన్ని వృథా అవుతాయి, కొన్ని అవసరమైనవి తప్పిపోతాయి. కిటికీ ఎప్పుడు తీయాలి, నడకకు ఎప్పుడు వెళ్ళాలి, ఫిర్యాదులో ఏమి రాయాలి అనే మూడు ప్రశ్నలకూ జవాబు గాలి దిశలోనూ గడియారంలోనూ ఉంది. పరికరాలు కొనడం ఆ తరువాతి సంగతి.

మీ పేటకు గాలి ఎటునుంచి వస్తోంది?

వేసవి మొదలు వర్షాకాలం ముగిసేవరకు విశాఖలో ప్రధానంగా నైరుతి గాలి వీస్తుంది. పరిశ్రమలు ఎక్కువగా నగరానికి దక్షిణ, నైరుతి దిక్కుల్లో ఉన్నందువల్ల ఆ నెలల్లో వాటి పొగ, ధూళి నివాస ప్రాంతాల మీదుగా ఈశాన్యానికి సాగుతాయి. అయితే ఆ కాలంలో గాలికి వేగం ఉంటుంది, వానలు కూడా పడతాయి కాబట్టి కాలుష్యం చెదిరిపోవడానికి, నేలకు దిగిపోవడానికి వీలుంటుంది. అక్టోబరు తరువాత గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట దాదాపు కదలిక ఉండదు. నేల త్వరగా చల్లబడి, దానిని ఆనుకొన్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన ఉన్న వెచ్చని గాలి పొర గిన్నెకు మూత పెట్టినట్లు నిలిచిపోతుంది. సాయంత్రం వాహనాలు వదిలిన పొగ, రాత్రి ఎవరో తగలబెట్టిన చెత్త పొగ, కర్మాగారాల నుంచి వచ్చినది అంతా ఆ మూత కింద పోగుపడి, మరునాడు ఎండెక్కేదాకా కదలదు. సంవత్సరం మొత్తంలో మనం జాగ్రత్తపడవలసిన గంటలు ప్రధానంగా ఇవే.

పగలు పరిస్థితి వేరు. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీదినుంచి గాలి మొదలై సాయంత్రం వరకు వీస్తుంది. రాత్రికి దిశ మారి నేలమీది గాలి సముద్రం వైపు పోతుంది. బీచ్ రోడ్డు దగ్గరి ఇంటికీ, కంచరపాలెంలోని ఇంటికీ, కూర్మన్నపాలెంలోని ఇంటికీ ఒకే రోజు మూడు రకాల గాలి అందడానికి కారణం ఇదే.

మీ ఇంటికి చేరుతున్న ధూళి ఏమిటో తెలుసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. వీధి వైపు కిటికీ గట్టును శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, రెండు రోజుల తరువాత తడిపి పిండిన తెల్లని నూలుగుడ్డతో ఒక్కసారి తుడవండి. గుడ్డమీద నల్లగా, వేలితో రుద్దితే గరుకుగా తగిలేది చాలావరకు బొగ్గు ధూళి. నల్లగానే ఉండి, జిడ్డుగా సాగి చారలు పడితే అది డీజిల్ మసి. ఇటుకరంగు లేదా ఎరుపు కలిసిన గోధుమరంగు కనిపిస్తే ఇనుప ఖనిజం గాని, చుట్టుపక్కల తవ్విన ఎర్రమట్టి గాని అయి ఉంటుంది. బూడిదరంగు తెలుపు వస్తే సిమెంటును, కూల్చివేతల పనిని, బూడిదను అనుమానించాలి. వన్‌టౌన్, జ్ఞానాపురం ప్రాంతాల్లోని గృహిణులు ఈ పరీక్ష అవసరం లేకుండానే ఆరేసిన బట్టలు చూసి రేవులో ఏ సరుకు దిగుతోందో చెప్పగలరు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, ఆధారంగా కోర్టులో నిలవదు. కాని ఏ దిక్కు కిటికీకి తెర వేయాలో, ఎవరికి ఫిర్యాదు చేయాలో నిర్ణయించుకోవడానికి సరిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. గుడ్డకు అంటేది పెద్ద రేణువు. దానిని ముక్కు, గొంతు కొంతవరకు ఆపుతాయి. ప్రాణానికి ఎక్కువ హాని చేసేది కంటికి కనిపించని సూక్ష్మధూళి.

కాలుష్యానికి మూలాలు

గాలిలోని రేణువులను వాటి పరిమాణాన్ని బట్టి రెండుగా చెప్తారు. 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోబడినవి పీఎం 10, 2.5 మైక్రాన్లకు లోబడినవి పీఎం 2.5. రోడ్డు దుమ్ము, నిర్మాణాల దుమ్ము, రేవులో బొగ్గు, ఖనిజాలు దించేటప్పుడు లేచేది, సముద్రపు ఉప్పు రేణువులు ప్రధానంగా మొదటి రకంలోకి వస్తాయి. ఏదైనా మండినప్పుడు పుట్టేవి రెండో రకం: వాహనాల పొగ, చెత్త మంటలు, కట్టెల పొయ్యి, కర్మాగారాల బాయిలర్లు.

ఇవి కాక పొగగొట్టంలోంచి నేరుగా రాని సూక్ష్మధూళి కూడా ఉంది. గంధకం ఉన్న ఇంధనం మండితే సల్ఫర్ డయాక్సైడ్, అధిక వేడిలో ఏది మండినా నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. ఇవి గాలిలో అమ్మోనియాతో కలిసి సల్ఫేటు, నైట్రేటు రేణువులుగా మారతాయి. అందుకే పొగగొట్టం దగ్గర ఏమీ కనిపించకపోయినా కొన్ని కిలోమీటర్ల అవతల ఆకాశం మసకబారుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) వాహన కాలుష్య ప్రమాణాల వల్ల పెట్రోలు, డీజిలులో గంధకం పరిమితి 50 పీపీఎం (పదిలక్షల భాగాల్లో 50 భాగాలు) నుంచి 10 పీపీఎంకు తగ్గింది. ఇది మంచి మార్పే. అయినా మన రోడ్ల మీద పాత లారీలు, ఆటోలు ఇంకా తిరుగుతున్నాయి; పైగా టైర్లు, బ్రేకులు అరిగి రాలే ధూళికి ఏ బీఎస్ ప్రమాణమూ వర్తించదు.

16వ నంబరు జాతీయ రహదారి నగరం మధ్యలోంచి పోవడం విశాఖకు ప్రత్యేకమైన ఇబ్బంది. గాజువాక, ఎన్‌ఏడీ కూడలి, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా సాగే రద్దీలో రేవుకు వచ్చిపోయే బరువు లారీలు కూడా ఉంటాయి. పెద్ద రోడ్డుకు 150 నుంచి 200 మీటర్లు దూరం జరిగితే వాహన కాలుష్యం గణనీయంగా తగ్గుతుంది. కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకొనేవారు, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవారు, మెయిన్ రోడ్డు ముఖంగా ఉన్న రెండో అంతస్తు కంటే సందులోని ఇంటికి ప్రాధాన్యమివ్వడం ఆరోగ్యానికి మేలు.

శరీరంలో జరిగేది

పీఎం 10 రేణువులు ముక్కు, గొంతు, పెద్ద శ్వాసనాళాల్లో చిక్కుకొని దగ్గు, తుమ్ములు, ఆయాసం కలిగిస్తాయి. పీఎం 2.5 రేణువులు ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాకా వెళ్తాయి. వాటిలో మరీ సూక్ష్మమైనవి రక్తంలో కలుస్తాయి. అందువల్ల వాయు కాలుష్యం ఊపిరితిత్తుల జబ్బు మాత్రమే కాదు. గుండెపోటు, పక్షవాతం, దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి, బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం కూడా దీని ఖాతాలోకి వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లో బయటి గాలి కాలుష్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన కారకాల జాబితాలో చేర్చింది.

ఎవరికి ముందుగా హాని జరుగుతుందో అందరికీ తెలిసిందే: ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, గుండెజబ్బు ఉన్నవారు. రోజంతా కూడలిలో నిలబడే ట్రాఫిక్ పోలీసులు, ఆటో డ్రైవర్లు, రేవు కూలీలు, తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే పారిశుధ్య కార్మికులు ఆ జాబితాలో తరచూ కనిపించరు. మన మూతకాలపు గంటల్లోనే వారి పని మొదలవుతుంది.

ఆస్తమా ఉన్నవారి ఇంట్లో ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఒకటి ఉంచుకొని, ఉదయం సాయంత్రం ఊది అంకెలు పుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు. ఊపిరి బాగున్న రోజుల్లో వచ్చే అత్యధిక అంకెలో 80 శాతానికి తగ్గితే వైద్యుడు రాసిచ్చిన ప్రణాళిక ప్రకారం మందు సర్దుకోవాలి. 50 శాతానికి తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. గాలి బాగున్నంత మాత్రాన, దగ్గు తగ్గినంత మాత్రాన రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్‌ను సొంతంగా ఆపకూడదు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలిరంగుకు తిరగడం కనిపిస్తే ఆవిరి పట్టిస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోన్ చేయాలి.

సూచిక అంకెను చదవడం

గాలి నాణ్యతా సూచికను వాడుకలో ఏక్యూఐ అంటున్నాం. కేంద్ర మండలి వారి ‘సమీర్’ యాప్‌లో ఇది ఉచితంగా దొరుకుతుంది. 50 వరకు మంచిది, 100 వరకు సంతృప్తికరం, 200 వరకు మధ్యస్థం, 300 వరకు అధ్వానం, 400 వరకు అత్యంత అధ్వానం, ఆపైన తీవ్రం. ఈ అంకె సగటు కాదు. ఎనిమిది కాలుష్యకాల్లో కొలిచిన వాటికి విడివిడిగా సూచిక కట్టి, అన్నింటిలోకీ ఎక్కువగా ఉన్నదానిని ప్రకటిస్తారు. అందుచేత అంకెతో పాటు దాని పక్కనే ఉండే ప్రధాన కాలుష్యకం పేరు తప్పక చదవాలి. పీఎం 10 అని ఉంటే దుమ్ముతో, పీఎం 2.5 అని ఉంటే పొగతో వ్యవహరిస్తున్నట్లు లెక్క.

ఇందులో మూడు చిక్కులున్నాయి. మొదటిది, ధూళికి సంబంధించిన అంకె 24 గంటల సగటు మీద ఆధారపడుతుంది. తెల్లవారుజామున 5 గంటలకు గాలి పాడుగా ఉన్నా సగటులో అది కలిసిపోతుంది. కాబట్టి యాప్‌లో గంటవారీ గీతను కూడా చూడండి. రెండోది, నగరపాలక సంస్థ కార్యాలయ ప్రాంతంలో కొలిచిన అంకె గాజువాకకో పెందుర్తికో సరిగ్గా వర్తిస్తుందని అనుకోకూడదు. మూడోది చాలామందిని కలవరపెట్టేది. ఫోన్లో ముందుగానే ఉండే వాతావరణ యాప్‌లలో కొన్ని అమెరికా కొలమానాన్ని వాడతాయి. ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన సూచిక 100 చూపిస్తుంది, అమెరికా సూచిక 150 దాటి చూపిస్తుంది. గాలి ఒకటే, కొలబద్దలు రెండు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో వాదన పెట్టుకొనే ముందు ఎవరు ఏ యాప్ చూస్తున్నారో అడగడం మంచిది.

100 లోపు ఉంది కాబట్టి ప్రమాదమే లేదని కూడా అనుకోకూడదు. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు 40, రోజు సగటు 60 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఆ పరిమితులు 5, 15 మాత్రమే. ఆరోగ్యవంతులకు 100 లోపు రోజువారీ పనులు మానుకోవలసిన అవసరం లేదు. ఆస్తమా రోగికి మాత్రం 70 వద్దే ఛాతీ బిగుసుకోవచ్చు. మీ ఇంట్లోని మనిషికి ఏ అంకె దగ్గర ఇబ్బంది మొదలవుతోందో కొన్ని వారాలు గమనిస్తే, ఆ అంకే మీకు ప్రమాణం.

ఇంట్లో చేయవలసినవి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాయంత్రం చీకటిపడేవేళ కిటికీలు మూసి, ఉదయం 9 గంటల తరువాత తెరవండి. సముద్రపు గాలి అందుకొన్నాక, సుమారు 11 నుంచి 4 గంటల మధ్య ఇంటికి రెండువైపులా తీసి ఉంచితే గదుల్లోని గాలి పూర్తిగా మారుతుంది. రోజంతా తలుపులు బిగించుకొని కూర్చోవడం పరిష్కారం కాదు, ఎందుకంటే ఇంట్లో పుట్టే కాలుష్యానికి అప్పుడు బయటికి దారి ఉండదు.

ఆ ఇంటి కాలుష్యం తక్కువేమీ కాదు. దోమల చక్రాన్నే తీసుకోండి. ఒక్క చక్రం పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని దానికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. తలుపులు మూసిన పడకగదిలో, పసిబిడ్డ మంచం కింద దానిని వెలిగించి పెట్టడం కంటే దోమతెర కట్టడం, కిటికీలకు జాలీ బిగించడం ఎంతో మేలు. సాంబ్రాణి, అగరుబత్తులు మానమని ఎవరూ చెప్పనక్కరలేదు. వెలిగించినంతసేపు కిటికీ తీసి ఉంచి, ఆస్తమా ఉన్నవారిని మరో గదిలో కూర్చోబెడితే చాలు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యానును తాలింపు మాడి ఘాటు వచ్చాక కాదు, పొయ్యి వెలిగించేటప్పుడే వేసి, వంట ముగిసిన పది నిమిషాల తరువాత ఆపాలి. గ్యాసు మంట నీలంగా కాక పసుపుగా ఉంటే బర్నరు మూసుకుపోయిందని, మసి పుడుతోందని గ్రహించి శుభ్రం చేయించుకోండి.

పొడి చీపురుతో ఊడిస్తే కింద ఉన్న ధూళి మళ్ళీ గాలిలోకి లేస్తుంది. రేవు దగ్గరి పేటల్లో, పెద్ద రోడ్ల పక్కన ఉన్నవారు తడిగుడ్డతోనే తుడవాలి. గుమ్మం దగ్గర తడిపిన గోనెపట్టా వేస్తే చెప్పులతో వచ్చే దుమ్ము అక్కడే ఆగుతుంది. ఏసీ గదిలో గాలి శుభ్రంగా ఉంటుందన్నది అపోహ. మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది. దాని జల్లెడ పెద్ద దుమ్మునే ఆపుతుంది కాని పీఎం 2.5ను ఆపదు.

గాలి శుద్ధి యంత్రం అందరికీ అవసరమని నేను అనుకోను. ఇంట్లో తీవ్రమైన శ్వాసరోగి ఉండి, ఇల్లు రద్దీరోడ్డునో పారిశ్రామిక ప్రాంతాన్నో ఆనుకొని ఉంటే, రోగి పడుకొనే ఒక్క గదికి కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు రెండే చూడండి: సూక్ష్మధూళిని కూడా పట్టే నిజమైన హెపా ఫిల్టరు ఉందా, గంటకు ఎంత గాలిని శుద్ధి చేస్తుంది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు అయిదుసార్లు మారాలంటే 170 ఘనపు మీటర్ల సామర్థ్యం కావాలి. ఓజోను వదిలే రకాలు వద్దు, ఓజోను కూడా ఊపిరితిత్తులకు హానికరమే. ఫిల్టరు మార్చే ఖర్చు ఏటా ఎంతవుతుందో కూడా దుకాణంలోనే అడిగి తెలుసుకోండి.

బయటికి వెళ్ళేటప్పుడు

చలికాలంలో తెల్లవారుజామున నాలుగున్నరకే నడకకు బయలుదేరే పెద్దలు మన నగరంలో చాలామంది ఉన్నారు. స్వచ్ఛమైన గాలి ఆ వేళలోనే దొరుకుతుందన్న మాట పల్లెకు సరిపోతుందేమో కాని, కొండల నడుమ ఉన్న పారిశ్రామిక నగరానికి సరిపోదు. డిసెంబరు, జనవరిల్లో నడకను కనీసం ఎండ వచ్చేదాకా వాయిదా వేయండి, కుదిరితే సాయంత్రం సముద్రపు గాలి ఉండగానే ముగించండి. హైవే సర్వీసు రోడ్డు మీద నడవడం కంటే కాలనీలోని పార్కు చుట్టూ తిరగడం నయం. ఉదయంపూట వాహనాలు ఆపే బీచ్ రోడ్డు ఇంకా నయం.

మాస్కు విషయంలో గుడ్డమాస్కు, చున్నీ, కర్చీఫు పెద్ద దుమ్మును మాత్రమే ఆపుతాయి. సూక్ష్మధూళికి ఎన్-95 గాని, మన ఐఎస్ 9473 ప్రమాణ ముద్ర ఉన్నది గాని వాడాలి. అయితే నాణ్యత కంటే బిగింపు ముఖ్యం. పెట్టుకొన్నాక రెండు చేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదితే ముక్కు పక్కలనుంచో గడ్డం కిందనుంచో గాలి తగలకూడదు. గుబురు గడ్డం ఉన్నవారికి ఇది సరిగా కూర్చోదు. సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా వంటి వాయువులను ఈ మాస్కు ఆపదన్న సంగతి పారిశ్రామిక ప్రాంతాలవారు గుర్తుంచుకోవాలి.

వాయువు లీకైనప్పుడు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది మరణించిన తరువాత, ఈ నగరంలో వాయు కాలుష్యం గురించి రాసేవారు ఈ అంశాన్ని వదిలిపెట్టడానికి వీల్లేదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారునే పరుచుకొంటుంది. ఇటువంటి వాయువు వచ్చినప్పుడు పల్లానికి పరుగెత్తడం, నేలమీద పడుకోవడం ప్రమాదకరం.

ముందుగా ఒక గుడ్డపీలికనో, పొగ దిశనో, చెట్ల కొమ్మలనో చూసి గాలి ఎటు వీస్తోందో తెలుసుకోండి. వాయువు వస్తున్న దిశకు ఎదురుగానూ వెళ్ళకండి, గాలితో పాటుగానూ పరుగెత్తకండి. గాలికి అడ్డంగా, పక్కకు, ఎత్తయిన చోటుకు వెళ్ళండి. బయట అప్పటికే దట్టంగా కమ్ముకొని ఉండి కదలడానికి వీలుకాకపోతే పై అంతస్తులోని గదిలోకి చేరి, తలుపు కిటికీల సందులు తడిబట్టలతో మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపి, 112కి ఫోన్ చేయండి. మండే వాయువు అన్న అనుమానం ఉంటే బయటపడేటప్పుడు స్విచ్‌లు ముట్టుకోవద్దు, బండి స్టార్టు చేయవద్దు. ముఖానికి తడిగుడ్డ అమ్మోనియా విషయంలో కొంత ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది నీటిలో బాగా కరుగుతుంది; స్టైరీన్ విషయంలో దానిమీద భరోసా పెట్టుకోరాదు. కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే ప్రమాదం తప్పినట్లు కాదు.

మన వంతుగా తగ్గించవలసినది

కాలుష్యానికి పరిశ్రమలే కారణమని చెప్పి ఊరుకోవడం తేలిక. వాటి వాటా వాటిదే, దానికి నిలదీయవలసిందే. కాని రాత్రి పదిన్నరకు అపార్టుమెంటు వెనక కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ సంచులు కలిపి అంటించే అగ్గిపుల్ల ఏ కర్మాగారానిదీ కాదు. బహిరంగంగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ఆకులను గోతిలో వేసి పలుచగా మట్టి చల్లి తడుపుతూ ఉంటే కొన్ని నెలల్లో ఎరువవుతాయి. భోగిమంటలో పాత చెక్కలు, పిడకలు వేస్తే అది పండుగ. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే ఆ వీధి పిల్లలందరికీ విషం. దీపావళికి రాత్రి 8 నుంచి 10 గంటల మధ్యనే, హరిత బాణసంచానే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇల్లు కడుతున్నవారు ఇసుక, కంకర కుప్పల మీద టార్పాలిన్ కప్పి, వీధి వైపు ఆకుపచ్చ వల కట్టి, గ్రానైటు, టైల్సు కోసేటప్పుడు నీళ్ళు పోయించాలి. పొడిగా కోస్తే లేచే తెల్లని దుమ్ములో సిలికా ఉంటుంది. అది ముందు కోసే కూలీకి, తరువాత మీకు, ఆ తరువాత పక్కింటివారికి చేరుతుంది. మేస్త్రీతో పని మాట్లాడుకొనేటప్పుడే ఈ షరతు చెప్పకపోతే తరువాత ఎవరూ వినరు.

వాహనం విషయంలో పొగ తనిఖీ పత్రం అందరికీ తెలిసిందే: బీఎస్-4, బీఎస్-6 బళ్ళకు ఏడాది, అంతకు పాతవాటికి ఆరునెలలు చెల్లుతుంది. పత్రం కోసం కాక నిజంగానే పరీక్ష చేయించుకొంటేనే ప్రయోజనం. టైర్లలో గాలి సరిగా ఉంచుకోవడం, కూడళ్ళలో ఎర్రదీపం పడినప్పుడు ఇంజను ఆపడం, వీలైన దూరాలకు ఆర్టీసీ బస్సు ఎక్కడం చిన్న పనులే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరపు చెట్లను తుడిచిపెట్టేసింది. కొత్తగా నాటేటప్పుడు వేప, కానుగ, నేరేడు వంటి మన నేల చెట్లను ఎంచుకోండి. త్వరగా పెరుగుతుందని ఏడాకుల చెట్టును వీధి పొడుగునా నాటితే, శీతకాలంలో దాని పూల ఘాటుకు ఆస్తమా రోగులు అవస్థపడతారు.

ఫలితం వచ్చేలా ఫిర్యాదు చేయడం

‘మా ప్రాంతంలో కాలుష్యం ఎక్కువగా ఉంది, చర్య తీసుకోగలరు’ అనే అర్జీ మీద ఏ అధికారీ ఏమీ చేయలేరు. అధికారి తనిఖీకి వచ్చే సమయానికి గాలి దిశ మారి ఉంటుంది. కాబట్టి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, తేదీ, మొదలైన గంట, ఆగిన గంట, గాలి వీచిన దిక్కు, వాసన రకం లేదా ధూళి రంగు, ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది అన్న వివరాలు జరిగిన వెంటనే రాయండి. రెండుమూడు వారాల్లో ఒక క్రమం బయటపడుతుంది: ఎక్కువసార్లు అర్ధరాత్రి దాటాకనే వాసన వస్తోందా, ఫలానా దిక్కు గాలి ఉన్నప్పుడే దుమ్ము పడుతోందా అన్నది. అప్పుడు అర్జీ ఇలా ఉంటుంది: ‘ఈ నెలలో తొమ్మిది రాత్రుల్లో, 12 నుంచి 3 గంటల మధ్య, నైరుతి గాలి ఉన్నప్పుడు, మా వీధిలోని ఇరవై ఇళ్ళవారికి కళ్ళు మండే ఘాటు వాసన వచ్చింది. తేదీలు, గంటల పట్టిక జతచేశాము. ఆ వేళల్లో తనిఖీ చేసి, ఆ దిక్కునున్న యూనిట్ల నిరంతర పర్యవేక్షణ రికార్డులను పరిశీలించవలసిందిగా కోరుతున్నాము.’ ఒక్కరి సంతకం కంటే వీధివారందరి సంతకాలు బలం.

పరిశ్రమల గురించయితే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖ ప్రాంతీయ కార్యాలయానికి, చెత్త మంటలు, నిర్మాణ ధూళి గురించయితే నగరపాలక సంస్థకు, పొగ కక్కే బండి గురించయితే రవాణా శాఖకు రాయాలి. ‘సమీర్’ యాప్ ద్వారా ఫొటోతో సహా పంపే వీలుంది. సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే అర్జీకి నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా అక్కడినుంచి కదలవద్దు.

జవాబు రాకపోయినా, ‘అంతా ప్రమాణాల మేరకే ఉంది’ అన్న జవాబు వచ్చినా, సమాచార హక్కు చట్టం కింద మరో దరఖాస్తు పెట్టండి. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం ప్రకారం, నియంత్రిత ప్రాంతంలోని పరిశ్రమ మండలి సమ్మతి లేకుండా నడవకూడదు. ఏ పొగగొట్టం ఎంత ఎత్తుండాలి, ఎంత వదలవచ్చు, బొగ్గు కుప్పలపై ఎన్నిసార్లు నీళ్ళు చల్లాలి వంటి షరతులు ఆ సమ్మతి పత్రంలోనే ఉంటాయి. ఆ పత్రం నకలును, మీరు రాసుకొన్న తేదీల్లోని పర్యవేక్షణ అంకెలను అడగండి. సమాచారం ఇవ్వడానికి చట్టం 30 రోజుల గడువు విధించింది. పత్రం చేతికి వచ్చాక మీ నోటుపుస్తకాన్ని పక్కన పెట్టుకొని షరతులన్నీ చదివి, ఏ షరతు ఏ రాత్రి తప్పిందో పేర్కొంటూ రెండో అర్జీ రాయండి. అందులో మొదటి అర్జీ నంబరును పైనే వేయడం మరువవద్దు.